బెంగళూరు చలికి తట్టుకునే ఆకుల మొక్కలు ఏవి? కడియం నుంచి తెచ్చినవన్నీ డీలా పడ్డాయి

గోదారి గట్టు:

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి, ఇప్పుడు బెంగళూరులో యలహంక వైపు ఉంటున్నాం. థర్టీ ఫార్టీ, అంటే ముప్పై బై నలభై అడుగుల సైటులో సొంత ఇల్లు. ముందు తూర్పు వైపు కొంచెం మట్టి నేల వదిలాం, ఉత్తరం పక్కన ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య సన్నటి సందు ఉంది, పైన మేడ. నాకు పూల మొక్కల కంటే ఆకుల మొక్కలంటేనే ఇష్టం. పెద్ద పెద్ద ఆకులు, రంగు రంగుల ఆకులు, గేటు తీయగానే పచ్చగా కమ్ముకున్నట్టు ఉండాలని కోరిక. ఊరెళ్ళినప్పుడల్లా కడియం వెళ్ళి కారు డిక్కీలో పట్టినన్ని తెచ్చుకుంటాను. అగ్లోనిమా, కెలాడియం, క్రోటన్లు, కెలాథియా, హెలికోనియా, మాన్‌స్టెరా ఉన్నాయి.

వానాకాలమంతా ఎంత బాగున్నాయో చెప్పలేను. డిసెంబరు నుంచి కష్టాలు మొదలయ్యాయి. అగ్లోనిమా ఆకుల మీద నూనె మరక పడినట్టు నల్లటి మచ్చలు, చేత్తో ముట్టుకుంటే మెత్తగా ఉన్నాయి. కెలాడియం ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి నేల మీద పడుకున్నాయి, ఇప్పుడు కుండీలో మట్టి తప్ప ఏమీ లేదు. క్రోటన్లు కింది ఆకులు రాల్చేస్తున్నాయి. కెలాథియా అంచులు కాల్చినట్టు గోధుమ రంగులోకి మారాయి. హెలికోనియాకి కొత్త ఆకు రావడమే లేదు. సంక్రాంతికి ఊరెళ్తే పక్కింటివాళ్ళు రోజూ సాయంత్రం మర్చిపోకుండా నీళ్ళు పోశారు కాబట్టి నీళ్ళు చాలక అయితే కాదు. మాన్‌స్టెరా ఒక్కటే ఏమీ పట్టనట్టు ఉంది.

ఇక్కడి నర్సరీలో అడిగితే ఇవన్నీ బెంగళూరులో హాయిగా బతుకుతాయన్నారు. నెట్‌లో వెతికితే చలికి తట్టుకునే ట్రాపికల్ మొక్కలని ఒక జాబితా వస్తుంది, జపాన్ అరటి, విండ్‌మిల్ పామ్, ఫాట్సియా ఇలాంటివి. ఉన్నవన్నీ తీసేసి అవి కొనుక్కోమంటారా? మా ఆయన తీసేద్దాం అంటున్నారు గానీ నాకు మనసొప్పడం లేదు. ఇక్కడ చాలా ఏళ్ళుగా పెంచుతున్నవాళ్ళు దయచేసి చెప్పండి.

మేడ మీది తోట:

గోదారి గట్టు గారూ, ముందు ఒక మాట, దేన్నీ పీకి పారేయకండి. మీరు రాసింది చదివితే నాలుగు వేర్వేరు సంగతులు కనిపిస్తున్నాయి, మీరు అన్నిటినీ కలిపి చలి ఖాతాలో వేస్తున్నారు. మాది జయనగర్, మేడంతా ఆకుల మొక్కలే, నాకు తెలిసినంతలో విడివిడిగా చెప్తాను.

కెలాడియం చావలేదు, నిద్రపోయింది. అది దుంప మొక్క. మన పసుపు, కంద లాగే పెరిగే కాలం అయిపోగానే ఆకు వదిలేసి దుంపలో దాక్కుంటుంది. పసుపు తోటలో ఆకు ఎండితే తవ్వడానికి సిద్ధమైందంటాం గానీ పంట పోయిందని ఎవరూ ఏడవరు కదా. ఇప్పుడు దానికి మీరు చేయగల పెద్ద కీడు ఏమిటంటే నీళ్ళు పోయడమే. ఆకు లేదు కాబట్టి నీళ్ళు తాగేవాళ్ళు లేరు, తడిమట్టిలో దుంప కుళ్ళిపోతుంది. కుండీని అలాగే ఎండబెట్టి ఇంట్లో ఒక మూల పెట్టండి, సిమెంటు నేల మీద కాకుండా చెక్క మీదో అట్ట మీదో. దుంపలకు 15 డిగ్రీల కంటే కిందికి పోకుండా ఉంటే మంచిది, మన ఇళ్ళలో లోపల అంత కిందికి పోదు. ఉగాది దాటాక, ఎండ ముదిరినప్పుడు, కొంచెం కొంచెం తడి ఇస్తే మొలకలు వస్తాయి.

అగ్లోనిమా మచ్చలు మాత్రం నిజంగా చలి దెబ్బే. ఇవి ఏడాది పొడుగునా వెచ్చగా, చెమ్మగా ఉండే ఆగ్నేయాసియా అడవుల్లో నేల మీద పెరిగే మొక్కలు. చలికి నెయ్యి పేరుకున్నట్టు వీటి ఆకు కణాల పొరల్లో ఉండే కొవ్వు బిరుసెక్కుతుంది, పొర పట్టు తప్పి లోపలి నీరు బయటికి కారుతుంది, ఆ నూనె మరక అదే. గడ్డకట్టే చలి అక్కర్లేదు, 12, 13 డిగ్రీలు ఉన్న రాత్రులు వరసగా వస్తే చాలు. రకాన్ని బట్టి తేడా ఉంటుంది, ఒకే నర్సరీ నుంచి తెచ్చిన రెండు కుండీల్లో ఒకటి పాడై ఒకటి బాగుండడం నేను చూశాను. పడిన మచ్చ పోదు. కానీ మొవ్వు గట్టిగా ఉందా చూడండి. మొవ్వు బాగుంటే మొక్క బాగున్నట్టే, వేసవిలో ఆకులు వేస్తుంది. సగం పచ్చగా ఉన్న ఆకుల్ని ఇప్పుడే కోసేయకండి, ఆ సగం కూడా ఇప్పుడు దానికి తిండే.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. మబ్బు లేని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది, అందుకే చుట్టూ గాలి 14 డిగ్రీలు ఉన్నా ఆకు అంతకంటే చల్లగా అయిపోతుంది. పైన ఏదో ఒక కప్పు ఉంటే, అది చెట్టు కొమ్మ అయినా సరే, ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. మీ మచ్చల మొక్కలు ఆరుబయట ఉన్నాయా, పోర్టికోలో ఉన్నాయా? ఆరుబయటివే అయ్యుంటాయని నా అనుమానం.

ఇక నీళ్ళు. పక్కింటివాళ్ళ మీద నాకు గౌరవమే, అంత శ్రద్ధగా చూసే పొరుగు దొరకడం అదృష్టం. కానీ జనవరిలో సాయంత్రం పూట రోజూ నీళ్ళంటే చలి కంటే ప్రమాదం. మట్టి చల్లబడితే వేళ్ళు నీళ్ళు పీల్చడం తగ్గించేస్తాయి, పైన ఆకు వాడుతుంది, వాడింది కదా అని మనం ఇంకా పోస్తాం, వేళ్ళు కుళ్ళుతాయి. బెంగళూరులో ఆకుల మొక్కలు ఎక్కువగా పోయేది ఇలాగే, పేరు మాత్రం చలికి వస్తుంది. పొద్దున్న తొమ్మిదీ పది మధ్య పోయండి, అదీ వేలు రెండు కణుపుల లోతు దించి చూస్తే పొడిగా ఉన్నప్పుడే.

క్రోటన్ రాల్చడం గురించి పెద్దగా బెంగపడకండి, గోళ్ళతో కాండం గీకితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. కెలాథియా సంగతి వేరే, అది గాలీ నీళ్ళ సమస్య, వేరేవాళ్ళు నాకంటే బాగా చెప్తారు.

ఏజెన్సీ కొండలు:

నేను చింతపల్లి దగ్గర పుట్టి పెరిగినవాడిని, ఇప్పుడు ఉద్యోగం బెంగళూరులో. చలి అంటే మా వైపు చూడాలి. లంబసింగి పేరు వార్తల్లో వినే ఉంటారు, ఒక్కో ఏడాది తెల్లవారుజామున సున్నా దగ్గరికి పడిపోతుంది, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటుంది. అయినా అక్కడ ప్రతి ఇంటి వెనకా అరటి ఉంటుంది, పసుపు, అల్లం ఉంటాయి, కొండల మీద కాఫీ ఉంది. గట్టిగా మంచు పడితే అరటి ఆకులు మాడిపోతాయి, మొక్క మాత్రం పోదు, అడుగున దుంప బతికే ఉంటుంది, ఎండలు రాగానే పిలక లేస్తుంది.

ట్రాపికల్ అనగానే వేడి ప్రదేశం అనుకుంటున్నాం, అదే ఇబ్బంది. ఉష్ణమండలంలో కూడా కొండలున్నాయి, రాత్రిళ్ళు చలి వేసే అడవులున్నాయి. మొక్క కొనేముందు అది పుట్టింది పల్లపు అడవిలోనా, కొండ మీదా అని కనుక్కుంటే సగం పని అయిపోతుంది. మీ మాన్‌స్టెరా ఎందుకు నవ్వుతూ ఉందంటే అది దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న తడి కొండ అడవుల్లోది, దానికి 12 డిగ్రీలు కొత్త కాదు. అగ్లోనిమా, కెలాడియం పల్లపు వేడి అడవుల మొక్కలు. కడియం కూడా గోదావరి పల్లం కాబట్టి వాటికి పుట్టిల్లులా ఉంటుంది. ఇక్కడ మనం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం.

ఇక్కడ నమ్మకంగా పెరిగే పెద్దాకుల మొక్కలు నేను చూసినవి చెప్తాను. జింజర్ లిల్లీ, అంటే తెల్లటి సువాసన పూలు పూసే అల్లం జాతి మొక్క, హిమాలయాల తూర్పు వైపుది, చలికి అస్సలు లెక్క చేయదు, తడి ఉండాలి అంతే. మెట్టతామర, మన ఊళ్ళలో కాలవ గట్ల మీద దానంతట అదే పెరిగేది, ఇప్పుడు ఎర్ర ఆకులవీ చారల ఆకులవీ కూడా దొరుకుతున్నాయి. పసుపు చారల ఆకుల ఆల్పీనియా, అదీ అల్లం జాతిదే, నీడలో కూడా మెరుస్తుంది. సెలోమ్ అని అమ్మే పెద్ద ఫిలోడెండ్రాన్ దక్షిణ బ్రెజిల్ వైపుది, కొద్దిపాటి మంచు పడినా తట్టుకుంటుంది, కానీ బాగా విస్తరిస్తుంది, మీ స్థలంలో ఒక్కటే పెట్టండి. చేమ కూడా వదలకండి, నల్లాకు చేమ మట్టిలో పెట్టి నీళ్ళు పెడితే వానాకాలంలో దాని ముందు ఏ ఖరీదైన మొక్కా నిలవదు.

ఇంకొకటి. పశ్చిమ కనుమల్లో రాళ్ళ మధ్య పెరిగే అడవి అరటి ఒకటుంది, ఎన్సెట్ సూపర్బమ్ అంటారు, కాండం అడుగున బాగా లావుగా ఊరి ఉంటుంది. చలికాలం ఎండకాలం ఆకు రాల్చి మొద్దులా ఉండి తొలకరికి మళ్ళీ లేస్తుంది. పిలకలు వేయదు, ఒక్కసారి పూసి గింజలిచ్చి చనిపోతుంది, అందుకే గింజలు దాచుకోవాలి. మన నేల మొక్క, ఇంత అందమైనది, తోటల్లో ఇంత తక్కువగా కనిపించడం నాకు బాధగా ఉంటుంది.

వైట్‌ఫీల్డ్ అరటిచెట్టు:

ఆ జాబితా సంగతి నేను చెప్తాను, ఎందుకంటే లండన్ దగ్గర ఉన్నప్పుడు అవే పెంచాను. ఇంగ్లిష్ సైట్లలో చలికి తట్టుకునేది అని రాస్తే వాళ్ళు మాట్లాడేది నీళ్ళు గడ్డకట్టే చలి గురించి. అమెరికా వాళ్ళు ప్రాంతాలను జోన్లుగా విడగొట్టారు, ఏడాదిలో అతి చల్లటి రాత్రి సగటున ఎంతకు పడుతుందో దాన్ని బట్టి. ఎనిమిదో జోన్ అంటే సున్నాకు దిగువన సుమారు 7 నుంచి 12 డిగ్రీల దాకా పడే చోటు. బెంగళూరులో జనవరి రాత్రులు మామూలుగా 15, 16 ఉంటాయి, బాగా పడితే 11, 12. నగరంలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో. కాబట్టి ఆ జాబితాలో చెప్పిన శక్తి మీకు ఇక్కడ అక్కర్లేదు.

జపాన్ అరటిని అక్కడ చలికాలం రాకముందే ఆకులు కోసి, కాండం చుట్టూ ఎండుగడ్డి కూరి, గుడ్డ చుట్టి, మొదలు దగ్గర ఆకుల చెత్త గుట్టగా పోసి దాస్తారు. వసంతంలో విప్పితే మళ్ళీ లేస్తుంది. అదొక ముచ్చట, ఒప్పుకుంటాను. కానీ దాని కాయలు గింజలతో నిండి తినడానికి పనికిరావు. ఇక్కడ అంతకంటే గొప్ప ఆకు ఏలక్కి అరటి (చిన్న పళ్ళ రకం) పిలకకే వస్తుంది, పైగా గెల వేస్తుంది. విండ్‌మిల్ పామ్ బెంగళూరులో బతుకుతుంది, ఇష్టమైతే పెట్టుకోండి, చాలా నిదానంగా ఎదుగుతుంది. ఫాట్సియా మాత్రం వద్దంటాను, చల్లటి నీడ దేశపు మొక్క, మన మార్చి ఏప్రిల్ ఎండలకు అది పడే బాధ చూడలేం. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39 దాటింది. చలికి బతికేది కావాలని కొని వేడికి పోగొట్టుకోవడం ఎందుకు?

మీ ఉత్తరం సందులో ఎండ తక్కువ పడుతుంది కాబట్టి రాపిస్ పామ్ పెట్టండి. దక్షిణ చైనా మొక్క, నీడలో పెరుగుతుంది, చలికి గట్టిది, సన్నటి చోట నిలువుగా గుబురుగా వస్తుంది. సందుల కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు.

గోదారి గట్టు:

ఇన్ని వివరాలు ఇస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మేడ మీది తోట గారూ, మీ అనుమానం నిజమే, మచ్చలు పడినవన్నీ ముందు ఆరుబయట ఉన్నవే, పోర్టికో కింద ఉన్న రెండు అగ్లోనిమాలకి ఏమీ కాలేదు. నేను ఇది గమనించినా కారణం తెలియలేదు. వేలు పెట్టి చూస్తే పైన ఎండినట్టున్నా లోపల బురదగా ఉంది. ఒక కుండీ వంచి చూశాను, చుట్టూ నేను పోసిన మట్టి పొడిగా ఉంది, మధ్యలో నర్సరీ నుంచి వచ్చిన బంకమట్టి ముద్ద అలాగే తడిసి గట్టిగా ఉంది, వేళ్ళన్నీ దానిలోనే ఉన్నాయి. ఇప్పుడే తీసి మార్చేయనా?

రాత్రిళ్ళు ప్లాస్టిక్ కవర్లు కప్పొచ్చా? ఇంకోటి, మాకు కావేరి నీళ్ళు తక్కువ, మొక్కలకు బోరు నీళ్ళే. కుండీల అంచుల మీద తెల్లగా ఉప్పులా పేరుకుంటోంది. కెలాథియాకి దానివల్లేనా?

బన్నేరుఘట్ట బాల్కనీ:

అవునండీ, దానివల్ల కూడా. కెలాథియా నీళ్ళలోని లవణాలకు బాగా సున్నితం, ఆ లవణాలన్నీ ఆకు అంచులకు చేరి అక్కడ మాడుస్తాయి. దానికి తోడు ఇప్పుడు మన దగ్గర వీచేది ఈశాన్యం నుంచి వచ్చే పొడిగాలి. పొద్దున్న పొగమంచు చూసి చెమ్మ ఉందనుకుంటాం గానీ మధ్యాహ్నానికి గాలి బాగా పొడిబారుతుంది, ఫిబ్రవరి మార్చిలో ఇంకా ఎక్కువ. గోదావరి జిల్లాల చలికాలానికీ దీనికీ అసలు తేడా చలిలో లేదు, చెమ్మలో ఉంది, ఇది నేను గట్టిగా చెప్తాను. పై వాళ్ళందరూ డిగ్రీల గురించి మాట్లాడారు, నా బాల్కనీలో అగ్లోనిమాలు ప్రతి చలికాలం బాగానే ఉంటాయి, ఎందుకంటే మూడు వైపులా గోడలున్నాయి, గాలి కొట్టదు. మీ ఉత్తరం సందు గాలికి గొట్టంలా పనిచేస్తూ ఉంటుంది, అక్కడ పల్చటి ఆకులవి పెట్టకండి, సందు మొదట్లో రాపిస్ గుబుర్లు పెంచి గాలిని అడ్డుకోండి.

చాలామంది ఆకుల మీద నీళ్ళు చిలకరించమని చెప్తారు. నేను ఒప్పుకోను. పది నిమిషాల్లో ఆరిపోతుంది, బోరు నీళ్ళయితే ఆకు మీద తెల్ల మరకలు మిగులుతాయి, సాయంత్రం చిలకరిస్తే రాత్రంతా తడిగా ఉండి ఆకుమచ్చ తెగుళ్ళు వస్తాయి. దాని బదులు మొక్కల్ని ఒక్కచోట దగ్గర దగ్గరగా పేర్చండి, ఒకదాని ఊపిరి ఇంకొకదానికి చెమ్మ అవుతుంది. మొక్కల మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన పరవండి, కాండానికి తగలకుండా.

నీళ్ళకు ఉపాయం మీ ఇంట్లోనే ఉండొచ్చు. బెంగళూరులో 2009 నుంచి కొత్త థర్టీ ఫార్టీ ఇళ్ళకు వాననీటి సేకరణ తప్పనిసరి కదా, మీ ఇంటికి సంప్ ఉందా, ఇంకుడు గుంట మాత్రమేనా చూడండి. సంప్ ఉంటే కెలాథియాకి ఆ నీళ్ళు మాత్రమే పోయండి. లేకపోతే వానాకాలంలో రెండు డ్రమ్ములు మూత పెట్టి దాచుకోండి, దోమలు చేరకుండా. అప్పటిదాకా ఏసీ నుంచి కారే నీళ్ళయినా లవణాలు లేనివే. తెల్లగా పేరుకున్న కుండీల్లో పైన అంగుళం మట్టి గీకి తీసేసి కొత్త మట్టి వేయండి.

ప్లాస్టిక్ కవర్ వద్దు. ఆకుకు తగిలిన చోట చల్లదనం దిగుతుంది, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది, పొద్దున్న తీయడం ఆలస్యమైతే ఎండకు లోపల ఉడికిపోతాయి. నాలుగు కర్రలు పాతి పైన పాత నూలు చీర పందిరిలా కట్టండి, ఆకులకు తగలకుండా. మేడ మీది తోట గారు చెప్పిన ఆకాశం సంగతి ఉంది కదా, దానికి అడ్డుగా ఆ చీర చాలు. లేదంటే 50 శాతం షేడ్ నెట్, అంటే సగం ఎండని ఆపే వల, శాశ్వతంగా కట్టేస్తే చలికీ పనికొస్తుంది, ఏప్రిల్ ఎండకీ పనికొస్తుంది.

మేడ మీది తోట:

బన్నేరుఘట్ట బాల్కనీ గారి మాట నిజం, చెమ్మ గురించి నేను చెప్పాల్సినంత చెప్పలేదు. అయితే గాలి తగలనంత మాత్రాన యలహంక వైపు ఆరుబయట అగ్లోనిమా ఉంచొచ్చని మాత్రం నేను అనను. మీ బాల్కనీకి పైన ఇంకో ఫ్లోర్ శ్లాబ్ ఉంది కదండీ, అదే కప్పు.

గోదారి గట్టు గారూ, కుండీ ఇప్పుడే మార్చొద్దు. వేళ్ళు పెరగని కాలంలో కదిలిస్తే తెగిన చోట మానదు, కుళ్ళుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, అది దాటనివ్వండి. అప్పుడు ఆ ముద్దని ఒక బకెట్ నీళ్ళలో నానబెట్టి వేళ్ళు తెగకుండా బంకమట్టి చాలావరకు కరిగించి తీసేయండి. తర్వాత ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, దానిలో సన్నటి గులకో, పెర్లైట్ అని అమ్మే తేలికైన తెల్ల గుళికలో రెండు గుప్పిళ్ళు. కొబ్బరి పొట్టుని ముందు నీళ్ళలో కడిగి పిండండి, దానిలో కూడా ఉప్పు ఉంటుంది. అప్పటిదాకా మాత్రం నీళ్ళు తగ్గించడమే మందు. ఒకవేళ ఏ కుండీ నుంచైనా కుళ్ళు వాసన వస్తే ఆగకండి, దాన్ని మాత్రం వెంటనే తీసి నల్లబడిన వేళ్ళు కోసేసి పొడి మట్టిలో పెట్టండి.

ఎరువులు ఇప్పుడు వద్దు. యూరియా లాంటివి అసలే వద్దు, చలిలో లేత ఆకు తోసుకొస్తే ముందు దెబ్బతినేది అదే. హెలికోనియా కూడా ఊరికే ఆగింది, రాత్రులు వెచ్చబడితే దానంతట అదే కదులుతుంది. ఫిబ్రవరి నుంచి ఆకుల వెనక చూస్తూ ఉండండి, పొడిగాలికి ఎర్రనల్లి వస్తుంది, ఆకు మీద సన్నటి చుక్కలు పడి దుమ్ము పట్టినట్టు ఉంటుంది. మొదట్లోనే ఆకు వెనక నీళ్ళతో గట్టిగా కడిగేస్తే చాలావరకు పోతుంది, పోకపోతే నీళ్ళలో వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి, ఎండలో కొట్టొద్దు.

ఇద్దరు పిల్లల అమ్మ:

ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఇక్కడ చెప్పిన వాటిలో అగ్లోనిమా, కెలాడియం, మాన్‌స్టెరా, సెలోమ్, చేమ అన్నీ ఒకే కుటుంబం. ఆకు కొరికితే నోరు, గొంతు మండి వాస్తాయి, పచ్చి చేమాకు దురద తెలుసు కదా, అదే, కొన్నిటిలో ఇంకా ఎక్కువ. సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాల వల్ల అలా అవుతుంది. పాకే పిల్లలున్నా, కుక్కపిల్ల ఉన్నా అవి చేతికందని ఎత్తులో పెట్టండి, కిందికి రాపిస్, కెలాథియా, బోస్టన్ ఫెర్న్ దించండి, అవి తిన్నా ప్రమాదం లేదు. కత్తిరించేటప్పుడు మీరూ గ్లౌజులు వేసుకోండి. చేతులు కడుక్కోకుండా కళ్ళు నలుపుకుంటే చాలా బాధ.

గోదారి గట్టు:

మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు గానీ మా అక్క పిల్లలు సెలవులకు వస్తారు, మంచి మాట చెప్పారు. సరే, ఇప్పటికి నా ప్లాన్ రాస్తున్నాను, తప్పుంటే చెప్పండి. కెలాడియం కుండీలు స్టోర్ రూంలోకి. అగ్లోనిమాలు, కెలాథియా అన్నీ పోర్టికో కింద దగ్గర దగ్గరగా. క్రోటన్లు తూర్పు ఎండలోనే ఉంచుతాను. ముందు నేలలో వెనక వరస ఏలక్కి అరటి ఒకటి, జింజర్ లిల్లీ, ముందు వరస మెట్టతామర, ఆల్పీనియా. సందులో రాపిస్. సెలోమ్ ఒకటి మూలన. ఇవన్నీ తొలకరికి పెట్టాలా, ఇప్పుడే కొనొచ్చా? కొంటే ఎక్కడ?

వైట్‌ఫీల్డ్ అరటిచెట్టు:

అరటి, జింజర్ లిల్లీ, మెట్టతామర ఇవన్నీ మార్చి చివర్లో పెట్టినా పరవాలేదు, నీళ్ళు ఉంటే వేడికి బాగా లేస్తాయి. రాపిస్, ఆల్పీనియా మాత్రం జూన్ దాకా ఆగండి. అరటిని గోడకు మరీ దగ్గర పెట్టకండి, పిలకలకు చోటు కావాలి, ఏడాదికి ఒక్క పిలకనే ఉంచి మిగతావి తీసేయండి. క్రోటన్లకు తూర్పు ఎండ సరిగ్గా సరిపోతుంది, ఎండ తగ్గితే వాటి రంగు పచ్చగా మారిపోతుంది.

కొనడానికి లాల్‌బాగ్ వెళ్ళండి. లోపల నర్సరీమెన్ సహకార సంఘం అమ్మకం చోటు ఉంది, అక్కడ రాపిస్, ఆల్పీనియా అడిగి చూడండి. జనవరి 26 పూల ప్రదర్శన రోజుల్లో మాత్రం కొనడానికి వెళ్ళకండి, జనంలో మొక్క సరిగ్గా చూసుకోలేం, గ్లాస్ హౌస్ చూడ్డానికి వెళ్ళండి, అది వేరే. కడియం వెళ్ళడం మానమని నేను చెప్పను, అక్కడ దొరికే రకాలు ఇక్కడ దొరకవు. కాకపోతే సంక్రాంతికి తేవొద్దు. ఎండాకాలం సెలవులకు వెళ్ళినప్పుడు మే చివర్లో తెస్తే, వెంటనే వానలు వస్తాయి, చలి వచ్చేలోపు మొక్కకు ఆరు నెలలు దొరుకుతాయి వేళ్ళు పట్టడానికి.

ఏజెన్సీ కొండలు:

అరటి గోతిలో ఎండుటాకులు, వంటింటి చెత్త వేస్తూ ఉండండి, అది ఎంత తిన్నా చాలదంటుంది. జింజర్ లిల్లీ దుంపలు నా దగ్గర బాగా పెరిగి గుబురైపోయాయి, శివరాత్రి తర్వాత విడదీస్తాను. కావాలంటే మెసేజ్ పెట్టండి, హెబ్బాళ దాకా వస్తే ఇస్తాను. రెండు కణుపులు, ఒక మొలక ఉన్న ముక్క చాలు, రెండంగుళాల లోతులో అడ్డంగా పెట్టండి.